పదకొండో వరుసలో మా నాన్న

ఆ వేసవి దాకా మా ఇంటి సంగతులన్నీ వీధిలో అందరికీ తెలిసేవి. తెలియకుండా ఎలా ఉంటాయి? అమ్మ వంటింట్లోంచి "టీ పెట్టనా" అని అడిగితే ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేసుకుంటున్న ఆవిడ "నాకూ ఓ కప్పు పెట్టండి" అని జవాబిచ్చేది. జవాబివ్వాల్సిన మా నాన్న మాత్రం హాల్లో కుర్చీలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని ఉండేవాడు.

నాన్న ముప్పై ఒక్క సంవత్సరాలు బట్టల మిల్లులో పనిచేశాడు. మరమగ్గాల షెడ్డు. నూట ఇరవై మగ్గాలు ఒకే కప్పు కింద ఒకేసారి కొట్టుకుంటుంటే చెవులు ఎన్నాళ్ళు నిలుస్తాయి? రిటైరయ్యే నాటికి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో ఓ పావు వంతు మిగిలింది. చెవి మిషను కొనిపెట్టాం. నాలుగు రోజులు పెట్టుకుని, "ఇంట్లో గిన్నెలన్నీ నా తలలోనే తోముతున్నట్టుందమ్మా" అని తీసి బీరువాలో పెట్టేశాడు. ఆ తర్వాత నెమ్మదిగా గడప దాటడం మానేశాడు. ఎవరైనా ఎటో చూస్తూ ఏదైనా అడిగితే అవునో కాదో తెలియక తలూపడం, ఊపాక వాళ్ళు వింతగా చూడటం, ఆ చూపు భరించలేక ఇంట్లోనే ఉండిపోవడం.

అమ్మది ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఆవిడకి గొంతే ఉద్యోగం. ఆసుపత్రికి ఫోన్ చేసేవాళ్ళు మామూలుగా చేయరు కదా, కంగారులో చేస్తారు. అమ్మ "చెప్పండి, నేను వింటున్నాను" అంటే చాలు, అవతలివాళ్ళ కంగారు సగానికి దిగేది. అలాంటి గొంతుతో ఇంట్లో మాత్రం పొద్దున లేచింది మొదలు కేకలే. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి, గోడవైపు చూస్తూ, హాల్లో ఉన్న నాన్నతో కేకలు వేసి మాట్లాడేది. మొదటి కేక నాన్నకి వినపడదు. రెండోదీ వినపడదు. మూడోది ఇంటి కప్పు లేచిపోయేలా వేసేది. అప్పుడు నాన్న ఉలిక్కిపడి లేచి, పరుగున వచ్చి, అమ్మ మొహం చూడకుండా చేతుల వైపు చూసేవాడు. అమ్మకి ఒళ్ళు మండేది. "నా మొహం చూడటం కూడా ఇష్టం లేదు మనిషికి" అని నాతో అనేది.

ఎండలు మొదలయ్యే ముందు అమ్మ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. తగ్గలేదు. వాళ్ళ ఆసుపత్రిలోనే గొంతు డాక్టరు లైటు వేసి చూసి, స్వరపేటిక మీద చిన్న చిన్న కాయలు లేచాయన్నాడు. "ఆఫీసులో మీరు మెల్లగానే మాట్లాడతారు, నేను రోజూ వింటాను. ఇంట్లో ఎవరి మీద అరుస్తున్నారు?" అని అడిగాడట. ఆపకపోతే ఏడాదిలో ఫోన్ ఎత్తే గొంతు ఉండదని చెప్పాడు.

ఆ సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే తేల్చేసింది.

"ఎండలు తగ్గాక నా సీట్లోకి కొత్తమ్మాయి వస్తుంది. మూడు నెలలు సెలవు పెట్టి అక్క దగ్గరికి వెళ్ళి ఉంటాను. ఇక్కడుంటే అరవకుండా నావల్ల కాదు."

"మూడు నెలలయ్యాక?"

"చూద్దాం."

మా ఇంట్లో "చూద్దాం" అని మొదలైన పని ఏదీ ఇంతవరకు జరగలేదు. నాన్నకి ఈ సంగతి కాగితం మీద రాసి ఇచ్చాను. చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "వెళ్ళనీ అమ్మా. ఇక్కడుంటే గొంతు పోతుంది" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన అమ్మని ఏమీ అడగడం మానేశాడు. అడిగితే ఆవిడ జవాబు చెప్పాలి, చెప్పాలంటే అరవాలి. టీ కావాలన్నా తనే పెట్టుకునేవాడు. అమ్మ ఒక చిన్న నోటు పుస్తకం కొనుక్కుంది. "మందు వేసుకున్నారా." "గ్యాసు వాడు వస్తాడు." "తలుపు వేసుకోండి." ముప్పై ఏళ్ళ కాపురం అలా మూడేసి మాటలకు దిగిపోయింది. కోపం వచ్చినప్పుడు పుస్తకం వెతుక్కునే ఓపిక ఉండదు కాబట్టి కేకలు మాత్రం మధ్యమధ్యలో ఉండనే ఉన్నాయి.

అలాంటి రోజుల్లో మా ప్రెస్సు ఓనరు నాకు మూడు పాసులు ఇచ్చాడు. నేను ఆ ప్రెస్సులో డిజైనర్‌ని. స్టేడియంలో జనం ఊపుతారే, నాలుగు, ఆరు అని అంకెలున్న అట్టలు, అవి ఆ ఏడాది మా దగ్గరే అచ్చు వేశారు. ఆరు అంకె పొట్ట ఎంత లావుండాలో నేను రెండు రోజులు కూర్చుని గీశాను. ఇరవై ఓవర్ల మ్యాచ్‌లు ఏడు, అన్నీ సాయంత్రం అయిదింటికి మొదలై ఎనిమిదిన్నరకల్లా అయిపోతాయి. జె బ్లాకు, పదకొండో వరుస, పద్నాలుగు, పదిహేను, పదహారు సీట్లు.

మొదటి మ్యాచ్ రోజు అమ్మకి సాయంత్రం డ్యూటీ. నాన్నని రమ్మన్నాను.

"నాకు వినపడదు. నేనెందుకు?"

కాగితం మీద రాశాను: క్రికెట్ చూసే ఆట.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను తల దించుకుని సంచి తడుముతూ ఏదో అడిగాడు. నాన్న తలూపాడు. అతను మళ్ళీ అడిగాడు. నాన్న మళ్ళీ ఊపాడు. "సంచిలో నీళ్ళ సీసా ఉందా అంటే ఉందని తలూపి చేతికివ్వరేంటండీ" అని అతను విసుక్కున్నాడు. సీసా నేను తీసి ఇచ్చాను. నాన్న మొహం వాడిపోయింది. అనవసరంగా తీసుకొచ్చానా అనిపించింది.

మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఎదురుగా ఒక్కసారిగా మైదానం కనబడింది. ఇంకా చీకటి పడలేదు, అయినా దీపాలు వేసేశారు. ఆ వెలుతురులో పచ్చిక అప్పుడే రంగు వేసినట్టు తడితడిగా ఉంది. నలభై వేల మంది. మా బ్లాకులోనే ఆరు డోళ్ళు. మొదటి ఓవర్ మూడో బంతికి మా ఓపెనర్ ఒక సిక్స్ కొట్టాడు. అది దీపాల ఎత్తుకి లేచి, ఒక క్షణం అక్కడే ఆగినట్టయి, పై అంతస్తులో పడింది. నేను గీసిన ఆరు అంకె వేల చేతుల్లో లేచింది. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు.

మా ముందు వరుసలో గోడలకు రంగులు వేసే పెయింటర్, అతని భార్య కూర్చున్నారు. అతని గోళ్ళలో ఇంకా నీలం రంగు ఉంది. అతను భార్యని ఏదో అడిగాడు. ఆవిడ "ఆఁ?" అంది. మళ్ళీ అడిగాడు. "ఆఁ?" మూడోసారి అతను చెవిలో నోరు పెట్టి అరిస్తే, ఆవిడ "టైమెంతని కదా, ఆరవుతోంది" అంది. అతను పాప్‌కార్న్ అడిగాడని నాకు సైగల్ని బట్టి తెలుస్తూనే ఉంది.

నాన్న ఇదంతా శ్రద్ధగా చూశాడు.

"ఏంటమ్మా, వీళ్ళందరికీ చెవుడా?" అన్నాడు. బాగా గట్టిగానే అన్నాడు. ఎవరూ తిరిగి చూడలేదు, ఎవరికీ వినపడలేదు. నాన్న నవ్వాడు. రిటైరయ్యాక ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం నేను చూడటం అదే మొదలు.

నాకు అప్పటికే అరిచి అరిచి గొంతు నొప్పి. ఓపిక లేక, నాన్న వైపు తిరిగి పెదాలు మాత్రం కదిపాను: మంచినీళ్ళు కావాలా?

"నీళ్ళెందుకు, టీ తాగుదాం" అన్నాడు.

టీ అబ్బాయి కోసం చెయ్యెత్తాక గానీ నేను ఏం చేశానో నాకే అర్థం కాలేదు. నోట్లోంచి శబ్దం రాలేదు. ఆయన విన్నాడు.

అంతలో మాకు ఆరు వరుసల కింద ఒక బట్టతల ఇటు తిరిగింది. నాన్న చెయ్యెత్తి రెండు వేళ్ళు ఆడించాడు. కిందాయన కూడా లేచి నిలబడి చెయ్యెత్తాడు, ఆ చేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. షెడ్డులో మగ్గాలకు నూలు కండెలు అందించేవాడట, అందరూ కండెల బావ అని పిలిచేవారట. ఎవరికీ బావ కాడు. నాలుగేళ్ళుగా ఇద్దరూ కలవలేదు. పక్కపక్కన కూర్చున్న మొగుడూ పెళ్ళాలకి ఒకరి మాట ఒకరికి వినపడని ఆ హోరులో, ఆ ఇద్దరు ముసలాళ్ళూ ఆరు వరుసల దూరం నుంచి పెదాలతో, వేళ్ళతో, కనుబొమలతో పది నిమిషాలు మాట్లాడుకున్నారు. నేను ఆట చూడటం మానేసి నోరు తెరుచుకుని వాళ్ళనే చూశాను.

"ఏమంటున్నాడు?"

"వాడి కోడలికి కవల పిల్లలట. మోకాళ్ళ నొప్పులట. మన ఓపెనర్‌కి ఎడమ కాలు కదలడం లేదు, ఈ ఓవర్లో అయిపోతాడంటున్నాడు."

తర్వాత బంతికే ఓపెనర్ బౌల్డ్ అయ్యాడు. కింద కండెల బావ మా వైపు తిరిగి చూశావా అన్నట్టు కాలర్ ఎగరేశాడు.

ఇంటికి నడుస్తూ అడిగాను, ఇంత విద్య చేతిలో పెట్టుకుని ఇంట్లో ఎందుకు వాడవని.

"అది షెడ్డు మాటమ్మా. గేటు దగ్గర వదిలేసి రావాలి. పెళ్ళైన కొత్తలో అలవాటు కొద్దీ మీ అమ్మతో అలాగే మాట్లాడాను. మీ అమ్మమ్మ చూసింది. అల్లుడికి మూర్ఛ వచ్చిందనుకుని చెంబుడు నీళ్ళు మొహాన కొట్టింది. పదిమంది నవ్వారు. మళ్ళీ ఇంట్లో ఆ పని చేస్తే ఒట్టు."

రెండో మ్యాచ్‌కి నేను అడగకముందే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. మూడో మ్యాచ్‌కి జె బ్లాకులో మా నాన్న పెద్ద మనిషి అయిపోయాడు. సంగతేమిటంటే, మైదానం చివర ఉన్న పెద్ద తెర మీద బౌలర్, కీపర్ మాట్లాడుకోవడం దగ్గరగా చూపిస్తారు. ఆ ఇద్దరూ మన భాషవాళ్ళే. నాన్న యథాలాపంగా, "నెమ్మదిగా వెయ్యి, వాడు తొందరలో ఉన్నాడు అంటున్నాడు కీపర్" అన్నాడు. బౌలర్ నెమ్మదిగా వేశాడు. బ్యాట్స్‌మన్ తొందరపడి గాల్లోకి లేపాడు. క్యాచ్. పెయింటర్ వెనక్కి తిరిగి నాన్నని ఎగాదిగా చూశాడు.

"ఎలా తెలిసిందండీ?"

నాన్న అతని పెదాలు చూసి, "చెప్పాడుగా, విన్నాను" అన్నాడు. విన్నాను అంటున్నప్పుడు ఆయన కళ్ళల్లో మెరుపు చూడాలి.

ఇక అది మొదలు, తెర మీద ఎవరి మొహం పడినా పదో వరుస, పన్నెండో వరుస మా వైపు తిరిగేవి. "గురువుగారూ, ఏమంటున్నాడు?" అన్నిసార్లూ నాన్న చెప్పింది జరిగేది కాదు. ఒకసారి "ఏదో పెద్ద పథకం, ఎడమ వైపు రమ్మంటున్నాడు" అన్నాడు. మేమంతా ఊపిరి బిగపట్టుకుని చూశాం. ఎడమ వైపు నుంచి పన్నెండో ఆటగాడు అరటిపండు తెచ్చి కీపర్‌కి ఇచ్చి వెళ్ళాడు. బౌలర్లు నోటికి టోపీ అడ్డం పెట్టుకుంటే నాన్నకి చిర్రెత్తుకొచ్చేది. "దొంగవెధవ, దాచుకుంటున్నాడు" అని తిట్టేవాడు. మా జట్టు అప్పటికి మూడూ ఓడిపోయింది. మా వరుసలో మాత్రం ఎవరి మొహం చూసినా ఓడినట్టు ఉండేది కాదు.

మా నాన్నంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రేమే. గొప్పవాడని మాత్రం ఆ వేసవిలోనే తెలిసింది.

ఇదంతా అమ్మకి చెప్పాను. ఆవిడ నోటు పుస్తకం తీసి రాసింది: "మీ నాన్నా? పదిమందితోనా?" పైన ఇంకో ప్రశ్నార్థకం దిద్దింది. నాలుగో మ్యాచ్ రోజు ఆవిడకి సెలవు. నమ్మకం లేక, చూద్దామని వచ్చింది.

పద్నాలుగులో నాన్న, మధ్యలో నేను, పదహారులో అమ్మ. మేము వెళ్ళేసరికి పెయింటర్ నాన్న సీటు తన రుమాలుతో తుడిచి పెట్టాడు. అతని భార్య, "మీ ఆయన లేకపోతే మాకు ఆట అర్థం కాదండీ" అని అమ్మతో అంది. అమ్మ నా వైపు చూసింది, నాన్న వైపు చూసింది. కింద కండెల బావతో నాన్న కబుర్లు మొదలుపెట్టగానే ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది. పుస్తకం తీసింది కానీ ఏమీ రాయలేదు.

రెండో సగం పది ఓవర్లు అయ్యాయి. టీ వచ్చింది. కప్పు బాగా కాలిపోతోంది. నాన్న తెర వైపు చూస్తూ పక్కకి చెయ్యి చాచాడు. అమ్మకి కంగారు పుట్టింది. డాక్టర్ చెప్పింది మరిచిపోయి, డోళ్ళని కూడా దాటిపోయేలా ఒక్క కేక పెట్టింది.

"వేడిగా ఉంది, జాగ్రత్త!"

నాన్న కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. కప్పు తుళ్ళి టీ అంతా ఆయన చొక్కా మీద, నా ఒళ్ళో, పెయింటర్ వీపు మీద. నాన్న చొక్కా చూసుకోలేదు. వంగి, అమ్మ చేతుల వైపు చూశాడు. రెండూ చూశాడు, ఎడమ, కుడి. చూశాక వెనక్కి వాలాడు.

అమ్మకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పుస్తకం తీసి గబగబా రాసి నా ఒళ్ళో పడేసింది. "ఎప్పుడూ ఇంతే. నేను నోరు తెరిస్తే చాలు దెయ్యాన్ని చూసినట్టు ఎగిరిపడతారు. నేనేం పులినా?"

నాన్నకి చూపించాను. చదివాడు. చొక్కా మీది టీ చేత్తో దులుపుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, పెదాలతో, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటికి నాకు ఆయన పెదాలు చదవడం వచ్చేసింది. అమ్మకి రాదు. అందుకని ఆయన ఒక మాట అనడం, నేను వంగి దాన్ని అమ్మ చెవిలో చెప్పడం.

"షెడ్డులో ఎవరూ అరవరు. అరిచినా ఎవరికీ వినపడదు కాబట్టి, ఎవరూ అరవరు."

చెప్పాను.

"అరిచారంటే ఒకటే కారణం. ఎవరిదో చెయ్యి మగ్గంలో పడింది. ఆ అరుపు మాత్రం అంత హోరులోనూ వినిపిస్తుంది. వినగానే అందరం మగ్గాలు ఆపి, పరిగెత్తి, ముందు చేతులు చూసేవాళ్ళం. బావ అరిచినప్పుడు ముందు వెళ్ళింది నేనే."

చెప్పాను. అమ్మ కిందికి, బట్టతల వైపు చూసింది.

"ఇప్పుడు నాకు ఏమీ వినపడదు. మీ అమ్మ మాట వినపడదు, నవ్వు వినపడదు. అరుపు ఒక్కటే వినపడుతుంది. వినగానే గుండె ఆగిపోతుంది. వంటింట్లో ఆవిడ చేతికి ఏమైందో అని పరిగెత్తుతాను. చేతులు బాగానే ఉంటాయి. అప్పుడు మొహం చూస్తాను. మొహం నిండా కోపం ఉంటుంది. నేనేం తప్పు చేశానో నాకు తెలియదు."

ఈ చివరి మాటలు అమ్మకి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

అమ్మ పుస్తకం మూసి సంచిలో పెట్టేసింది. నా మోకాలి మీద తట్టి, లేవమని సైగ చేసింది. నేను లేచి పదహారులోకి జరిగాను. ఆవిడ పదిహేనులో కూర్చుని, మైదానానికి ఓరగా, పూర్తిగా నాన్న వైపు తిరిగింది. ఇరవై ఆరేళ్ళుగా ఎవరి మొహమూ చూడకుండా మాట్లాడిన మనిషి మా అమ్మ. ఫోన్లో అవతలివాళ్ళ మొహం ఎవరికి కనబడుతుంది? ఆ అలవాటే ఇంటికీ వచ్చింది, గోడ వైపు తిరిగి మాట్లాడటం. నాన్నేమో మొహం కనబడితే తప్ప మాట వినలేని మనిషి. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి ఈ చిన్న సంగతి మాకు ముగ్గురికీ తట్టలేదు.

అమ్మ పెదాలు కదిపింది. నాన్న తల అడ్డంగా ఊపి, ఆవిడ చెవి దగ్గరకి వంగాడు.

"అంత నోరు తెరవకు. సాగదీయకు. మామూలుగా అను."

అమ్మ మళ్ళీ అంది.

"కాలలేదు. చొక్కా పాడైంది, అంతే."

చివరి ఓవర్. పద్దెనిమిది పరుగులు కావాలి. నలభై వేల మంది లేచి నిలబడ్డారు, నేను కూడా. నా పక్కన ఇద్దరే కూర్చుని ఉన్నారు, మైదానం వైపు కాక ఒకరి వైపు ఒకరు తిరిగి. చివరి బంతికి మా కీపర్ సిక్స్ కొట్టి ఆ ఏడాది మొదటి మ్యాచ్ గెలిపించాడు. డోళ్ళు పగిలిపోయేలా మోగాయి. పెయింటర్ ఆనందంతో నాన్న భుజం పట్టుకుని కుదిపేశాడు.

"గురువుగారూ, చూశారా?"

"ఏంటి?" అన్నాడు నాన్న.

తర్వాత మూడు మ్యాచ్‌లకీ ముగ్గురం వెళ్ళాం. అమ్మ డ్యూటీలు మార్చుకుంది. స్టేడియానికి వెళ్ళేది ఆట కోసం కాదు, పాఠం కోసం. అక్కడైతే సిగ్గు లేదు, ఎవరి గోల వాళ్ళది. అయిదో మ్యాచ్‌లో నాన్న మాట్లాడితే అమ్మకి సగం అర్థమయ్యేది. ఆరో మ్యాచ్‌లో కండెల బావ కోడలి కవలలకి ఏం పేర్లు పెట్టారో నేరుగా ఆయన్నే అడిగి తెలుసుకుంది. ఏడో మ్యాచ్‌కి తెర మీద కీపర్ ఏదో అంటే, నాన్న ఒకటి చెప్పాడు, అమ్మ కాదు మరొకటి అంది. అమ్మ చెప్పిందే నిజమైంది. ఆ తర్వాత పది నిమిషాలు నాన్న ఆవిడతో మాట్లాడలేదు, అది మామూలు అలక. అలాంటి అలకని మా ఇంట్లో చూసి ఎన్నాళ్ళైందో.

మా జట్టు ఏడింట్లో అయిదు ఓడి అట్టడుగున నిలిచింది. పేపర్లో వాళ్ళని ఏకిపారేశారు. నాకు మాత్రం ఆ పదకొండు మందినీ ఇంటికి పిలిచి భోజనం పెట్టాలనిపించింది.

ఇంట్లో ఒక్క చిక్కు మిగిలింది. పొయ్యి గోడ వైపు ఉంటుంది, అమ్మ అటే తిరిగి నిలబడాలి. నాన్న రెండు రోజులు ఆలోచించి, గడ్డం గీసుకునే అద్దం తెచ్చి పొయ్యి పైన మేకు కొట్టి వేలాడదీశాడు. దాన్ని అటూ ఇటూ వంచి, తన కుర్చీలోంచి అమ్మ మొహం కనబడేలా సరిచేశాడు. అమ్మ అద్దంలో చూస్తూ పెదాలు కదుపుతుంది. నాన్న కుర్చీలోంచి అవే పెదాలు చూసి, తనూ పెదాలతోనే జవాబిస్తాడు. ఎదురింటి ఆవిడ ఒకరోజు మెట్లెక్కి వచ్చి, "వారం రోజులుగా మీ ఇంట్లో అలికిడి లేదు, అందరూ బాగానే ఉన్నారా?" అని అడిగి వెళ్ళింది.

ఎండలు తగ్గాయి. అమ్మ సీట్లోకి రావాల్సిన అమ్మాయి వచ్చింది. మొదటి వాన పడిన రోజు అమ్మని తీసుకెళ్ళడానికి పెద్దమ్మ దిగింది. అమ్మ సామాను కోసమని ఒక ఖాళీ పెట్టె కూడా తెచ్చింది. అమ్మ వెళ్తుందో వెళ్ళదో నాకు ఇంకా తెలియదు. అడగడానికి భయం. "చూద్దాం" అంటుందేమోనని.

పెద్దమ్మ హాల్లో కూర్చుంది. మా ఇంటికి వస్తే చెవులు చిల్లులు పడతాయని ఎప్పుడూ అనే మనిషి, ఆ రోజు కాసేపటికే అసహనంగా కదలడం మొదలుపెట్టింది. ఇంట్లో చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. వంటింట్లో అమ్మ గోడ వైపు తిరిగి టీ పెడుతోంది. నాన్న పెద్దమ్మకి వీపు పెట్టి, కుర్చీలో కూర్చుని వంటింటి వైపు చూస్తున్నాడు. అమ్మ భుజాలు ఉండుండి నవ్వుతో కదులుతున్నాయి. అద్దం పెద్దమ్మ కూర్చున్న చోటికి కనబడదు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగింది.

"ఎన్నాళ్ళయిందే వీళ్ళు మాట్లాడుకోక?" అని గుసగుసగా అడిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంత దాకా వచ్చిందని నాకు ఒక్క మాట చెప్పలేదే."

నేను చెప్పబోయే లోపే ఆవిడ లేచి, వంటింటి గుమ్మం దగ్గరకి వెళ్ళింది.

"ఇంకా టీ ఏంటే? నీ బట్టలు సర్దుకో. పొద్దున్నే బండి. ఈ కొంపలో ఒక్క రోజు కూడా ఉండక్కర్లేదు నువ్వు."

అమ్మ పొయ్యి కట్టేసి ఇటు తిరిగింది. డాక్టరు ముందు వారమే లైటు వేసి చూసి, కాయలు కరిగాయన్నాడు. గొంతు అప్పుడప్పుడే పాత మెత్తదనానికి వస్తోంది. ఆ గొంతుతో, పైట చెంగుతో చేతులు తుడుచుకుంటూ, నవ్వు ఆపుకోలేక అంది.

"ఎక్కడ సర్దుకోనిస్తారక్కా ఈయన? పొద్దుట్నుంచీ ఒకటే వాగుడు. నన్నొక్క పని చేసుకోనివ్వరు."

పెద్దమ్మ అమ్మని చూసింది, నాన్నని చూసింది, ఆ నిశ్శబ్దంలో ఇల్లంతా ఓసారి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, చిటికెన వేలితో చెవి కదుపుకుంటూ, భయంభయంగా అడిగింది.

"ఏమే, నాకేనా వినపడంది?"